ఎర్రది, పచ్చది, నారింజ తోకది ఒకే జాతి. తెల్లదాన్ని మాత్రం మళ్లీ చూడాలి

ముందు మీ ప్రశ్నను రెండు ముక్కల్లో చెబుతాను, తర్వాత చదివేవాళ్లకు ఇబ్బంది ఉండదు. నీళ్లు నిలిచిన గడ్డిలో మీకు రెండు సెంటీమీటర్లు ఉంటాయో ఉండవో అన్నంత సన్న తూనీగలు కనిపించాయి. మొదటి ఫొటోలోది ఎర్రగా ఉంది, వీపు మీద నల్ల పట్టీ ఉంది. రెండోది నలుపు, ఆకుపచ్చ కలిసిన ఒళ్లు, తోక కొస నారింజ రంగు. మూడోది మాసిన ఆకుపచ్చ. నాలుగోదాని మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొడి ఉంది. ఫోన్‌లోని యాప్ నాలుగింటికీ నాలుగు పేర్లు చెప్పింది. ఇవి నాలుగు జాతులా, లేక పెద్ద తూనీగల పిల్లలా, వీటివల్ల ఏమన్నా ఉపయోగం ఉందా అని అడిగారు.

మొదటి మూడూ ఒకే జాతి. పేరు అగ్రియోక్నెమిస్ పిగ్మియా. ఇంగ్లిష్‌లో పిగ్మీ డార్ట్‌లెట్ అనీ పిగ్మీ విస్ప్ అనీ అంటారు. మొదటిది వయసు రాని ఆడది, మూడోది ఎదిగిన ఆడది, రెండోది మగది. నాలుగోది మాత్రం ఇదే జాతి అని నేను ఒప్పుకోను. దాని సంగతి చివర్లో వివరంగా రాస్తాను.

పిల్లలా అన్న అనుమానం చాలామందికి వస్తుంది కాబట్టి అది ముందే తేల్చేద్దాం. రెక్కలొచ్చిన తూనీగ ఇక పెరగదు. పెరుగుదల అంతా నీళ్లలో, లార్వా దశలోనే అయిపోతుంది. లార్వా చాలాసార్లు కుబుసం విడుస్తుంది. ఆఖరి కుబుసం గడ్డి కాడ మీదికి ఎక్కి విడిచి, రెక్కలతో బయటికి వస్తుంది. ఆ రోజు ఎంత పొడవుందో చచ్చేదాకా అంతే. మారేది రంగు ఒక్కటే. మీ కథ అంతా నడిచింది ఆ రంగు చుట్టూనే.

ఇవి తూనీగల్లో డామ్‌సెల్‌ఫ్లైలు అనే సన్న రకం. వాలినప్పుడు రెక్కలు వీపు మీదకు దగ్గరగా ముడుచుకుంటాయి, కళ్లు తలకు చెరోవైపున దూరంగా ఉంటాయి. ఇంతకుమించి ఇక్కడ అక్కర్లేదు.

పొడవు ముఖ్యం. పిగ్మియా మగదానికి తోక (నిజానికి అది ఉదరం, మాటల్లో తోక అనే అంటాం) 16, 17 మిల్లీమీటర్లు, వెనక రెక్క సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆడది కొంచెం పెద్దది. ప్రపంచంలోని అతి చిన్న తూనీగల్లో ఇదొకటి. దీని బంధువు, మయన్మార్‌లో దొరికే అగ్రియోక్నెమిస్ నాయియా, రెక్కలు చాచితే 18 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అతి చిన్నది అదేనని సాధారణంగా చెబుతారు. అదే డామ్‌సెల్‌ఫ్లైల్లో మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో ఉండే మెగలోప్రెపస్ రెక్కల విస్తారం సుమారు 19 సెంటీమీటర్లు. ఫొటోలో పొడవు తెలియదు కాబట్టి, ఈసారి అది వాలి లేచిపోయాక అదే గడ్డి కాడ పక్కన ఒక స్కేలు పెట్టి ఇంకో ఫొటో తీయండి. యాప్ పదిసార్లు చెప్పినా తేలనిది ఆ ఒక్క ఫొటోతో సగం తేలిపోతుంది.

ఇక మగది. మీ రెండో ఫొటో బాగా వచ్చింది, దాన్ని పెద్దది చేసి చూడండి. తల మీద, కళ్ల వెనకాల రెండు చిన్న గుండ్రటి ఆకుపచ్చ చుక్కలున్నాయి. రెక్కలు అతుక్కుని ఉండే మధ్యభాగం, అంటే ఉరం, పైన నలుపు. ఆ నలుపులో రెండు సన్నటి లేతాకుపచ్చ గీతలు. పక్కలంతా ఆకుపచ్చ. తోక మీద మొదటినుంచీ నలుపు నడిచి, ఏడో కణుపు దగ్గర ఆగిపోతుంది. అక్కడినుంచి పదో కణుపు దాకా ఇటుక ఎరుపో, నారింజో. పొలం గట్టున నిలబడి చూస్తే మనకు కనిపించేది ఆ నారింజ చుక్క ఒక్కటే, అది గడ్డిలో కదులుతున్నట్టు ఉంటుంది. మిగతా ఒళ్లు గడ్డి రంగులో కలిసిపోతుంది.

కానీ ఆ నారింజ కొస చూసి పేరు రాసెయ్యకండి. ఇదే ప్రజాతిలో (దగ్గరి జాతులను కలిపిన గుంపు, ఇక్కడ అగ్రియోక్నెమిస్) ఇంకో జాతి, అగ్రియోక్నెమిస్ ఫెమినా, మగది లేత వయసులో అచ్చం ఇలాగే నారింజ కొసతో ఉంటుంది. రెండూ ఒకే మడిలో ఉండొచ్చు కూడా. వీటిని విడదీసేది తోక చివర ఉండే కొక్కేలు. మగ డామ్‌సెల్‌ఫ్లైకి తోక కొసన రెండు జతల కొక్కేలుంటాయి, పైన ఒక జత, కింద ఒక జత. పిగ్మియాలో పై జత పొడవు, కింది జత పొట్టి. ఫెమినాలో తిరగబడుతుంది: కింది జతే పొడవు. పక్కనుంచి తీసిన ఫొటోలో, తోక కొస ఫోకస్‌లో ఉంటే, ఈ తేడా స్పష్టంగా కనబడుతుంది. మీ రెండో ఫొటోలో పై కొక్కేలు కింది వాటిని దాటి ముందుకు వచ్చాయి, అందుకే పిగ్మియా అని ధైర్యంగా చెప్పాను. పైనుంచి తీసిన ఫొటో అయితే ఎంత అందంగా ఉన్నా నేను జాతి పేరు చెప్పను, ప్రజాతి దగ్గరే ఆగిపోతాను.

కొక్కేలను ఎందుకు అంతగా నమ్ముతామంటే వాటి పని అలాంటిది. జత కట్టేటప్పుడు మగది వాటితోనే ఆడదాని మెడ భాగాన్ని పట్టుకుంటుంది. ఆ మెడ పలక వెనక అంచు ఆకారం జాతిని బట్టి మారుతుంది, కొక్కేలు దానికి సరిపోయేలా ఉంటాయి. అందుకే నిపుణులు మగదాన్ని తోక కొసతో, ఆడదాన్ని మెడ అంచుతో గుర్తుపడతారు. రంగు వయసుతో మారుతుంది. ఈ ఆకారం మారదు. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి: రెండు తూనీగలు ఒకదాని మెడ ఒకటి పట్టుకుని ఎగురుతున్నాయని ఒకే జాతి అనుకోకూడదు. మగవి పొరపాటున వేరే జాతి ఆడదాన్ని, ఒక్కోసారి ఇంకో మగదాన్ని కూడా పట్టుకుంటాయి. ఆడది తోకను ముందుకు వంచి మగదాని రెండో కణుపుకు తగిలించి, రెండూ కలిసి చక్రంలా ఏర్పడితే అప్పుడు కొంత నమ్మొచ్చు.

ఆడవాటి రంగుల గొడవ ఈ ప్రజాతిలో అన్నింటికన్నా ఆసక్తికరమైన సంగతి. పిగ్మియా ఆడది రెక్కలొచ్చిన కొత్తలో ఎర్రగా ఉంటుంది, ఉరం మీద వెడల్పైన నల్ల పట్టీతో. మీ మొదటి ఫొటో అదే. పైగా ఆ ఎరుపు మగదాని నారింజ కొసకన్నా గట్టిగా ఉంటుంది, అందుకే చాలామంది ఎర్రదే మగది అనుకుంటారు. మామూలుగా తూనీగల్లో మెరిసే రంగు మగదానిదే కాబట్టి అలా అనుకోవడంలో తప్పు లేదు. వయసు వచ్చేకొద్దీ ఆ ఎరుపు మాసి, గోధుమ మీదుగా ఆకుపచ్చలోకి దిగుతుంది. మధ్య దశలో ఉన్నది దొరికితే ఉరం పక్కలు పచ్చగా, తోక ఇంకా ఎర్రగా కనిపిస్తుంది. అలాంటి ఫొటోకు యాప్ ఏ పేరు చెబుతుందో దేవుడికే తెలియాలి.

ఇలా రంగు మారడం వల్ల వాటికి లాభం ఏమిటి? దగ్గరి చుట్టమైన ఫెమినా మీద దీన్ని బాగా పరిశీలించారు. అందులోనూ లేత ఆడవి ఎరుపు, ఎదిగినవి ఆకుపచ్చ. ఎర్రవాటిలో గుడ్లు ఇంకా తయారై ఉండవు. మగవి పచ్చవాటి వెంటే పడతాయి, ఎర్రవాటి జోలికి పెద్దగా పోవు. అంటే ఆ ఎరుపు "ఇంకా టైం ఉంది, నన్ను వదిలెయ్" అని చెప్పే గుర్తు. మగదానికీ వృథా శ్రమ తప్పుతుంది. ఆడదానికి అంతకన్నా ఎక్కువ లాభం. నీటి అంచున మగవి వందల్లో ఉంటాయి, ఆడవి తక్కువ కనబడతాయి. ఊరికే పట్టుకుని లాగుతుంటే తినడానికీ కుదరదు, గుడ్లు పెట్టడానికీ కుదరదు, రెక్కలు చిరుగుతాయి.

వేరే ప్రజాతి, ఇష్నూరాలో ఇదే సమస్యకు ఇంకో దారి ఉంది. అక్కడ ఒకే జాతి ఆడవాటిలో కొన్ని మగదాని రంగే వేసుకుని తిరుగుతాయి, కొన్ని వేరే రంగులో ఉంటాయి. ఐరోపాలోని ఇష్నూరా ఎలిగన్స్‌లో ఆడవాటికి మూడు రూపాలున్నాయి, అవి పుట్టుకతో నిర్ణయమయ్యేవి. మన పిగ్మియా ఎరుపు-ఆకుపచ్చ తేడాను దానితో కలపకండి. అక్కడ రూపం, ఇక్కడ వయసు.

ఇష్నూరా పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి, వాటితో గందరగోళం ఎక్కడ వస్తుందో కూడా చూద్దాం. మొదటి ఫొటోకు మీ యాప్ ఇష్నూరా సెనెగలెన్సిస్ అని చెప్పింది కదా. ఆ జాతిలో లేత ఆడది నారింజ రంగులో ఉంటుంది, వీపు మీద నల్ల పట్టీ కూడా ఉంటుంది, కాబట్టి యాప్‌ను తిట్టక్కర్లేదు. కానీ అది మూడు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, ఒళ్లు కూడా కాస్త గట్టిది. దాని మగదానికి తోక చివరికి దగ్గర్లో, ఎనిమిదో కణుపు దగ్గర, నీలం రంగు ఉంటుంది. ఇష్నూరా రూబిలియో మగదైతే ఇంకా తేలిక: తోక పసుపు, కొసకు నీలం, ముందు రెక్కల కొస దగ్గరున్న చిన్న రంగు గడి గులాబీ ఎరుపు, వెనక రెక్కలది వేరే రంగు. పిగ్మియా తోక కొసన నీలం ఉండదు. తోక కొసన నీలం కనిపిస్తే ఇక పిగ్మియా గురించి ఆలోచించకండి.

యాప్‌ల గురించి నా అభిప్రాయం ఒక ముక్క. ఇవి ప్రజాతి వరకు చాలాసార్లు బాగానే చెబుతున్నాయి. ఇంత చిన్న తూనీగల్లో జాతి పేరు దాకా వచ్చేసరికి అవి చూసేది రంగునే, ఆ రంగే ఇక్కడ వయసుతో మారుతుంది. కాబట్టి యాప్ అగ్రియోక్నెమిస్ అంటే తీసుకోండి, ఆ తర్వాతి మాట మీ కళ్లతో తేల్చుకోండి.

గడ్డిలో వీటిని ఎలా చూడాలో తెలిస్తే ఫొటోలు ఇంకా బాగా వస్తాయి. ఇవి మోకాలి ఎత్తు దాటి పైకి రావడం అరుదు. తుంగ, గరిక కాడల మధ్య నుంచి నెమ్మదిగా, తడుముకుంటూ పోతున్నట్టు ఎగురుతాయి, రెండు మూడు అడుగులు పోయి మళ్లీ వాలతాయి. బాగా ఎండిన చోటా, లోతైన నీటి మధ్యా వెతకడం దండగ. చెప్పులు తడిసేంత నీరు, అందులోంచి పైకి లేచిన గడ్డి, అదే వీటి ఇల్లు. వరి మడులు, కుంటల అంచులు, కాలువ పక్క బురద గడ్డి ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

మీ నీడ పడితే అది ఎగిరిపోదు, ముందు కాడ వెనక్కి జరుగుతుంది. మీరు పక్కకు కదిలితే అదీ అటే తిరుగుతుంది, ఎప్పుడూ కాడను మీకూ తనకూ మధ్యలో ఉంచుకుంటుంది. ఒళ్లు కాడకన్నా సన్నం కాబట్టి మొత్తం దాగిపోతుంది. కానీ కళ్లు తలకు అటూ ఇటూ పొడుచుకుని ఉంటాయి కాబట్టి కాడకు రెండు పక్కల నుంచీ రెండు చిన్న కళ్లు మిమ్మల్ని చూస్తూ కనబడతాయి. అప్పుడు వెంటపడకండి. కెమెరా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిని నెమ్మదిగా కాడకు అవతలివైపు పెట్టండి. చేతి నుంచి తప్పించుకోవడానికి అది మీ లెన్స్ ముందుకే వస్తుంది. పట్టుకోవాల్సిన అవసరం లేదు. ఇంత చిన్నదాని రెక్కలు వేళ్లతో పట్టుకుంటే సగంసార్లు చిరిగిపోతాయి.

ఉపయోగం సంగతి. తూనీగలన్నీ వేటాడేవే, పెద్దవైనా లార్వాలైనా. ఇవి ఎగిరే దోమల్ని పట్టడంతోపాటు ఆకు మీద, కాడ మీద కూర్చున్న పురుగుల్ని కూడా ఏరుకుని తింటాయి. వరిలో సుడిదోమ, పచ్చదోమ (పైరు రసం పీల్చే పురుగులు, కుట్టే దోమలు కావు) పిల్లపురుగుల్ని ఈ ప్రజాతి తినడం బాగా తెలిసిన విషయం. వరిలో మేలు చేసే పురుగుల జాబితాల్లో అగ్రియోక్నెమిస్ పేరు తప్పకుండా ఉంటుంది. వరి దుబ్బు మొదలు దగ్గర సుడిదోమ ఉంటుంది, ఈ తూనీగ తిరిగే ఎత్తూ అదే. పెద్ద తూనీగలు అక్కడికి దూరలేవు. ఇవి దూరతాయి. అలాగని ఇవొక్కటే సుడిదోమను ఆపేస్తాయని కాదు, సాలీళ్లు, మిరిడ్ నల్లులు అనే ఇంకో రకం వేటాడే పురుగులతో కలిసి ఇవీ ఒక చెయ్యి వేస్తాయి. సుడిదోమ ఇంకా పెద్దగా లేనప్పుడే ముందుజాగ్రత్త అని మందు కొట్టేస్తే మొదట పోయేది ఇలాంటివే.

గుడ్లు పెట్టేటప్పుడు ఆడది నీటిలోంచి లేచిన మెత్తటి కాడ మీద వాలి, తోక కింద ఉన్న పదునైన అవయవంతో కాడను చీల్చి, గుడ్డును లోపలికి దింపుతుంది. లార్వాకు తోక చివర ఆకుల్లాంటి మూడు మొప్పలుంటాయి, డామ్‌సెల్‌ఫ్లై లార్వాను గుర్తుపట్టేది వాటితోనే. దాని కింది పెదవి మడతపడి ఉంటుంది, ఆహారం దగ్గరికి రాగానే ఒక్కసారి ముందుకు చాచి పట్టేస్తుంది. జల్లెడతో నీటి అంచు గడ్డిని జాడిస్తే దొరుకుతాయి, కాకపోతే లార్వాను చూసి పిగ్మియా అని చెప్పడం మాత్రం మామూలు భూతద్దంతో అయ్యే పని కాదు.

ఇంత బలహీనంగా ఎగిరే పురుగు ఎంత దూరం విస్తరించిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1842లో రాంబూర్ అనే ఫ్రెంచ్ కీటక శాస్త్రవేత్త దీన్ని మొదట వర్ణించాడు. ఇవాళ సీషెల్స్ దీవుల నుంచి భారత ఉపఖండం, ఆగ్నేయాసియా, చైనా, జపాన్ మీదుగా ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల దాకా దీన్ని నమోదు చేశారు. రెక్కల బలంతో అంత దూరం పోవడం దీని వల్ల కాదు. ఇంత తేలికైన పురుగును గాలే మోసుకుపోయి ఉంటుంది. అంతరించే ప్రమాదం లేని జాతుల్లోనే ఐయూసీఎన్ (ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం) దీన్ని ఉంచింది.

మీ మూడో ఫొటోలో ఉరం కింద కాళ్ల మధ్య ఎర్రటి గుండ్రటి పూసలు కొన్ని కనిపిస్తున్నాయి, అవి గుడ్లు కావు. నీటి నల్లులు, అంటే వాటర్ మైట్స్. లార్వా ఆఖరి కుబుసం విడిచేటప్పుడు దాని మీదికి ఎక్కి, రక్తరసం పీలుస్తూ కొన్నాళ్లు అంటుకుని ఉంటాయి, తూనీగ మళ్లీ నీటి దగ్గరికి వచ్చినప్పుడు దిగిపోతాయి. చిత్తడి నేలల్లో ఇది చాలా మామూలు, దాన్ని చూసి తూనీగకు జబ్బు అనుకోకండి.

ఇక నాలుగోది. తెల్లటి పొడి మైనం లాంటి పదార్థం, చాలా తూనీగల్లో వయసుతోపాటు ఒంటి మీద ఊరుతుంది, ఎండను, అతినీలలోహిత కాంతిని తిప్పికొడుతుంది. అంటే మీ నాలుగోది ముదిరిన మగది. పిగ్మియా మగదానికి ఇంత దట్టంగా రాదు, ఫెమినాకు వస్తుంది. ఫెమినాలో వయసు పెరిగేకొద్దీ ఉరం తెల్లబడుతుంది, తోక కొసలోని నారింజ మాసిపోతుంది. మీ ఫొటోలో ఉరం తెల్లబడటం కనబడుతోంది. రెండో అవకాశం అగ్రియోక్నెమిస్ పియెరిస్. దాని మగది మొదటినుంచీ నీలం కలిసిన తెలుపులో ఉంటుంది, తోక కొస కూడా తెల్లగా ఉంటుంది. మీ ఫొటోలో తోక కొస నీడలో పడింది కాబట్టి దీన్ని కొట్టెయ్యలేను. నాకైతే ఫెమినా వైపే మొగ్గుంది. ఉరం మీద పొడి కింద నల్లటి గీత ఇంకా లీలగా కనిపిస్తోంది, దాని పక్కన లేత ఆకుపచ్చ జాడ కూడా ఉంది.

మళ్లీ అటు వెళ్లినప్పుడు అదే చోట తెల్లటిది దొరికితే రెండు ఫొటోలు చాలు: ఒకటి సరిగ్గా పక్కనుంచి, తోక చివరి మూడు కణుపులు, కొక్కేలు ఫోకస్‌లో ఉండేలా; ఇంకొకటి పైనుంచి, తల, ఉరం కనబడేలా. పొద్దున్నే, రెక్కల మీద మంచు ఆరకముందు వెళ్తే అది కదలదు, తీరిగ్గా తీసుకోవచ్చు. ఇక్కడే పెట్టండి, కింది కొక్కేలు పొడవుగా ఉన్నాయో లేదో చూసి చెబుతాను. అప్పటిదాకా నాలుగో ఫొటో కింద అగ్రియోక్నెమిస్ అని మాత్రం రాసుకోండి.